రోగికి కులం వుండదా? : అనారోగ్య అనుభవ రచనల మీద కొన్ని మాటలు

రోగానికి కులం లేదు, అందరి రక్తమూ ఎరుపే అనే మాట మన సాహిత్యంలో చాలాకాలంగా చెలామణీలో వుంది. వేదికల మీద చెప్తారు, సినిమాల్లో చెప్పిస్తారు, రక్తదాన శిబిరాల బ్యానర్ల మీద రాయిస్తారు. మంచి మాటే. కానీ ఈ మాట చెప్పేవాళ్లెవరూ రోగం వచ్చిన మనిషిని ఎవరు ముట్టుకుంటారు, ఎవరు ముట్టుకోరు, ముట్టుకున్నాక ఎవరు స్నానం చేస్తారు అనే సంగతిలోకి పోరు. సూక్ష్మక్రిమికి కులం లేకపోవచ్చు. ఆసుపత్రి మంచం దాకా వచ్చే చేతికి వుంది. మంచం దిగాక దొరికే విశ్రాంతికి, దొరకని విశ్రాంతికి కూడా వుంది. అనారోగ్యం గురించి, ఆపరేషన్ గురించి, కోలుకోవడం గురించి రాసిన రచనలను ఈ దృష్టితో ఎవరన్నా చదివారా అని వెతికితే మాకు పెద్దగా ఏమీ దొరకలేదు. అందుకే ఈ ప్రయత్నం.

తెలుగు వారపత్రికల్లో, ఆదివారం అనుబంధాల్లో, స్వీయచరిత్రల్లో ఆపరేషన్ అనుభవానికి ఒక అచ్చు తయారై వుంది. గుండెనొప్పి తెల్లవారుజామున వస్తుంది. డాక్టరు గారికి ఫోను పోతుంది, ఆయన స్నేహితుడే అయివుంటాడు. అమెరికాలో వున్న కొడుకో అల్లుడో రిపోర్టులు తెప్పించుకుని చూస్తాడు. థియేటర్లో పైన తెల్లటి దీపాలు, మత్తు, లెక్కపెట్టమన్న అంకెలు. మెలకువ వచ్చాక జీవితం నీటిబుడగ అన్న జ్ఞానం. చివర్లో సర్జన్ చేతుల్లో దేవుడు కనిపించాడనో, ఇది పునర్జన్మ అనో ఒక వాక్యం. మేము వెక్కిరించడం లేదు. బైపాస్ చేయించుకున్న మనిషి నొప్పి నొప్పే, ఆయన భయం భయమే. మా ప్రశ్న వేరే. ఆ వ్యాసంలో ఎవరు లేరు? స్ట్రెచర్ తోసినవాళ్లు లేరు. బెడ్‌పాన్ తీసినవాళ్లు లేరు. నెత్తుటి దుప్పట్లు వుతికినవాళ్లు లేరు. మూడు రాత్రులు తడిగుడ్డతో ఒళ్లు తుడిచిన ఆయా ఒకవేళ వుంటే, డబ్బులు అడిగిందన్న ఫిర్యాదులో వుంటుంది. డాక్టరుకి ఇంటిపేరుతో, డిగ్రీలతో సహా పేరుంటుంది. రోగి శరీరాన్ని అందరికంటే దగ్గరగా చూసిన మనిషికి పేరుండదు. ఇది మరిచిపోవడం కాదు. ఎవరి పనిని పని అనుకోరో వాళ్లు వాక్యంలోకి రారు.

సినిమాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 'దేవదాసు' (1953) నుంచి 'ప్రేమాభిషేకం' (1981) మీదుగా 'గీతాంజలి' (1989) దాకా రోగం ప్రేమకు పెట్టిన నగ. నాయకుడు చచ్చిపోతాడని తెలిసినకొద్దీ పాటలు బాగుంటాయి. 'గీతాంజలి' మంచుకొండల్లో ఎవరికీ కూలి పోదు, ఎవరికీ మందుల చిట్టీ భారం కాదు. అభ్యుదయ సాహిత్యం దీనికి జవాబుగా కార్మికుడి దగ్గును తెచ్చింది, ఒప్పుకుంటాం. ఆ దగ్గు దోపిడీకి గుర్తు. దగ్గే మనిషి ఏ పేటలో వుంటాడో, ఆ పేటకు డాక్టరు వస్తాడో రాడో ఆ కథలు అడగలేదు. దగ్గు వర్గానికి వచ్చింది గానీ మనిషికి రాలేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇరవయ్యో శతాబ్దపు భారతదేశంలో అందరికీ తెలిసిన ఆపరేషన్ ఒకటుంది. 1924 జనవరి 12న పూనా సాసూన్ ఆసుపత్రిలో గాంధీకి జరిగిన అపెండిసైటిస్ ఆపరేషన్. అప్పుడాయన యెరవాడ జైల్లో ఖైదీ. కర్నల్ మాడక్ అనే ఆంగ్లేయ సర్జన్ కత్తి పట్టాడు. మధ్యలో కరెంటు పోతే లాంతరు వెలుతురులో పూర్తిచేశారని గాంధీ జీవితచరిత్రలన్నీ చెప్తాయి. ఆపరేషన్‌కి ముందు శ్రీనివాస శాస్త్రిని పిలిపించారు, ఒప్పుదల పత్రం మీద సంతకం పెట్టించారు. ఫిబ్రవరి 5న విడుదల చేశారు. ఆ తర్వాత కొన్ని వారాలు జుహూ సముద్రం ఒడ్డున కోలుకున్నారు. 1909లో 'హింద్ స్వరాజ్'లో ఆసుపత్రులను పాపానికి పుట్టిళ్లుగా తిట్టిన మనిషి తెల్లవాడి కత్తికి ఒళ్లప్పగించడం గురించి ఆయన అభిమానులు, విమర్శకులు బోలెడు రాశారు. మాకు ఆ చర్చ అంత ముఖ్యం కాదు. ఒక మనిషి కడుపునొప్పి దేశం మొత్తానికి ఎట్లా కథ అయింది, ఆ కథలో లాంతరు ఎట్లా గుర్తుండిపోయింది అన్నదే ముఖ్యం.

ఎందుకంటే ఐదేళ్ల తర్వాత, గాంధీ సొంత కాఠియావాడ్‌లో, ఇంకో దీపం వెలుతురులో ఇంకో వైద్యం జరిగింది. ఆ సంగతి 1929 డిసెంబరులో గాంధీ నడిపిన 'యంగ్ ఇండియా'లోనే ఉత్తరంగా వచ్చింది. అంబేద్కర్ దాన్ని తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చేర్చుకున్నారు. ఆ చిన్న పుస్తకం 1930ల మధ్యలో రాసింది. అచ్చయింది ఆయన పోయిన మూడు దశాబ్దాల తర్వాత, 1990లో. అంబేద్కర్ తన సొంత అనుభవాల పక్కన వేరేవాళ్ల అనుభవాలను పెట్టిన పుస్తకం అది. అందులో ఈ ఉత్తరం మా దృష్టిలో భారతదేశపు అనారోగ్య సాహిత్యంలో మొదట చదవాల్సిన రచన. ఇప్పటిదాకా దాన్ని అంటరానితనానికి సాక్ష్యంగా చదివాం. రోగం గురించిన రచనగా చదవలేదు.

రాసింది ఒక అంటరాని కులపు బడిపంతులు. భార్య ప్రసవించింది. రెండ్రోజుల్లో జబ్బు పడింది. ఊపిరి ఆడదు, పక్కటెముకల్లో నొప్పి. డాక్టరు దగ్గరికి పోతే, మీ వాడకు రాను, చూడను అన్నాడు. పంతులు ఊరి పెద్దల దగ్గరికి, దర్బారు దగ్గరికి పరుగెత్తాడు. పెద్దలు చెప్పాక, రెండు రూపాయల ఫీజుకు హామీ దొరికాక, డాక్టరు ఒక షరతు మీద వచ్చాడు. రోగిని వాడ బయటికి తేవాలి. రెండు రోజుల బాలింతను బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లింకి ఇచ్చాడు. అతను భర్తకిచ్చాడు. భర్త భార్యకు పెట్టాడు. మళ్లీ అదే దారిలో వెనక్కి. రాత్రి ఎనిమిది గంటలు. దీపం వెలుతురులో డాక్టరు థర్మామీటరు చూసి న్యుమోనియా అన్నాడు. మందు పంపాడు. ఆ తర్వాత మళ్లీ చూడడానికి రాలేదు. ఆమె చనిపోయింది.

ఇందులో మేము గమనించమంటున్నవి కొన్ని వున్నాయి. వైద్యం అందలేదని ఈ ఉత్తరం చెప్పదు. వైద్యం అందింది. రోగం పేరు తెలిసింది, మందు వచ్చింది, ఫీజు ముట్టింది. అందనిది చెయ్యి. నాడి పట్టలేదు, రొమ్ము మీద చెవి పెట్టలేదు, నాలుక చూడలేదు. జ్వరం గాజు గొట్టంలోకి ఎక్కి, చేతులు మారి డాక్టరును చేరింది. మనిషి చేరలేదు. ఆధునిక వైద్య పరికరం వస్తే కులం పోతుందనుకునేవాళ్లు ఈ థర్మామీటరు కథ రెండుసార్లు చదవాలి. పరికరం దూరాన్ని తగ్గించలేదు, దూరంగా వుండడానికి పనికొచ్చింది. నాటువైద్యుడైతే నాడి పట్టక తప్పేది కాదు. ఇంగ్లీషు వైద్యం ముట్టుకోకుండా వైద్యం చేసే వీలు కూడా ఇచ్చింది.

రెండోది, పంతులు భాష. ఏడుపు తక్కువ. ఎవరు ఎవరికి ఏది ఇచ్చారు, ఎన్ని గంటలకు, ఎంత ఫీజు అని లెక్క చెప్పినట్టు రాశాడు. పైన చెప్పిన పునర్జన్మ వ్యాసాల్లో రోగి మనసు లోపలికి పోతాడు. ఇక్కడ రాసినవాడికి లోపలికి పోయే తీరిక లేదు. ఊరి పెద్ద ఇంటినుంచి డాక్టరు ఇంటికి, అక్కణ్ణించి వాడకి నడవాలి. ఈ నడకే దళిత అనారోగ్య కథనానికి రూపం. మంచం మీద పడుకుని మృత్యువు గురించి ఆలోచించడానికి ముందు మంచం దొరకాలి గదా.

మూడోది, పేర్లు. పంతులు పేరు లేదు, ఊరి పేరు లేదు, డాక్టరు పేరూ లేదు. పంతులే వద్దన్నాడని, పగ తీర్చుకుంటారని భయపడ్డాడని అంబేద్కర్ చెప్తారు. భార్యను పోగొట్టుకున్నవాడు, చావనిచ్చినవాడి పేరు దాచాల్సి వచ్చింది. గాంధీని కోసిన మాడక్ పేరు వందేళ్ల తర్వాత కూడా మనకు తెలుసు.

ముట్టుకోవడం మీద ఇంకొంచెం. సుశ్రుతుడు ప్రపంచానికి సర్జరీ నేర్పాడని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నారు. నేర్పాడో లేదో గానీ, మనుస్మృతి నాలుగో అధ్యాయం వైద్యుడి ఇంటి అన్నాన్ని చీముతో సమానం చేసింది. పుండును ముట్టుకునేవాడు పంక్తిలోకి రాకూడదు. అందుకే కోత, కట్టు, కాన్పు మంగలివాళ్ల చేతుల్లోకి, మంత్రసానుల చేతుల్లోకి పోయాయి. మన ఊళ్లలో బొడ్డు కోసిన చేతులు ఎవరివో అందరికీ తెలుసు. కలకత్తా మెడికల్ కాలేజీలో 1836లో మధుసూదన్ గుప్తా అనే బైద్య కులస్థుడు శవాన్ని కోసిన రోజును చరిత్ర పుస్తకాలు విప్లవంగా రాస్తాయి. ఆయన ధైర్యాన్ని తక్కువ చేయం. కానీ ఆ శవాన్ని బల్ల మీదికి తెచ్చిన చేతుల సంగతి? డోములు అంతకుముందూ శవాలను ముట్టుకున్నారు, ఆ తర్వాతా ముట్టుకున్నారు. అగ్రవర్ణం చెయ్యి శవాన్ని తాకితే విజ్ఞానశాస్త్రం, అంటరాని చెయ్యి తాకితే కులవృత్తి. మార్చురీల్లో ఇప్పటికీ కొయ్యడం, కుట్టడం చేసేది ఎవరో, రిపోర్టు మీద సంతకం ఎవరిదో వెళ్లి చూస్తే చాలు.

మిషన్ ఆసుపత్రులు ఈ లెక్కను కొంత తారుమారు చేశాయి. 1880ల్లో గుంటూరు వచ్చిన డాక్టర్ ఆనా కుగ్లర్, 1915 ప్రాంతంలో డిచ్‌పల్లిలో కుష్టు రోగుల ఆసుపత్రి నడిపిన డాక్టర్ ఇసబెల్ కెర్ - వీళ్ల మతప్రచారం గురించి ఎన్ని విమర్శలైనా పెట్టుకోవచ్చు. వాళ్లు ముట్టుకున్నారు. ముట్టుకోవడం నేర్పారు. మాల, మాదిగ ఇళ్లల్లోంచి తొలితరం నర్సమ్మలు వచ్చింది ఆ దారినే. మా అమ్మమ్మల తరంలో తెల్లచీర కట్టుకుని బడికి, ఆసుపత్రికి పోయిన ఆడవాళ్లను చూసి పేట మొత్తం తలెత్తుకుంది. తెలుగు నవల నర్సును ఎట్లా చూసిందో చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. ఒకటి మాత్రం చెప్తాం. ముట్టుకునే వృత్తిలో వున్న ఆడదాన్ని అనుమానంగా చూడడం, ముట్టుకోవడమే మైల అనుకునే సమాజానికి సహజం. 2020లో కరోనా వచ్చినప్పుడు మడి ఆచారాలు శాస్త్రీయమని కొందరు పెద్దలు ఉపన్యాసాలిచ్చారు. అదే నెలల్లో కరోనా శవాల్ని మోసినవాళ్ల, ఆసుపత్రులు వూడ్చినవాళ్ల కులాల జాబితా ఎవరూ తీయలేదు.

ఇప్పుడు మనవైపు చూద్దాం. ఈ విమర్శ అవతలివాళ్ల మీద పెట్టి వూరుకుంటే సరిపోదు. దళిత సాహిత్యం, దళిత ఉద్యమం రోగాన్ని ఎట్లా చూశాయి? అంబేద్కర్ శరీరాన్నే తీసుకుందాం. మన కూడళ్లలో వున్న అంబేద్కర్ నీలం సూటులో నిటారుగా, వేలు చూపిస్తూ నిలబడి వుంటాడు. ఆ విగ్రహం మనకు కావాలి. ఆ విగ్రహం కోసం మనవాళ్లు దెబ్బలు తిన్నారు. కానీ చివరి పదేళ్లు ఆయన మధుమేహంతో, కాళ్ల నొప్పులతో, నరాల బాధతో నడిచారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నప్పుడు చేతికర్ర ఆధారంతో నిలబడ్డారు. ఈ అంబేద్కర్ గురించి మన పాటల్లో తక్కువ.

ఆయన మాత్రం దాచలేదు. 1951 ఆగస్టు 10న నెహ్రూకి రాసిన ఉత్తరంలో తన ఆరోగ్యం తనకూ, డాక్టర్లకూ ఆందోళనగా వుందని, నెలరోజుల చికిత్సకు పొమ్మంటున్నారని, హిందూ కోడ్ బిల్లు సంగతి తేలేదాకా తాను డాక్టర్ల చేతుల్లోకి పోనని రాశారు. చికిత్సకూ చట్టానికీ మధ్య ఏది ముందో ఎంచుకోవాల్సి వచ్చిన రోగి ఆయన. బిల్లు ఆగిపోయింది. మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ ఏడాది అక్టోబరులో విడుదల చేసిన రాజీనామా ప్రకటనలో ఇంకో మాట వుంది. జబ్బు వల్ల పోతున్నాడని అనేవాళ్లుంటారు, అది నిజం కాదు, జబ్బు పేరుతో బాధ్యత వదిలే మనిషిని కాను అని. ఎందుకు చెప్పాల్సి వచ్చింది? రాజకీయ కారణాన్ని ఆరోగ్య కారణంగా మార్చేయడం పాలకులకు తేలిక. దళితుడి రాజీనామాను జబ్బుగా చదివే అలవాటును ఆయన ముందే పసిగట్టారు. అనారోగ్యం మీద ఇంత నిక్కచ్చిగా రాసిన రాజకీయ వాక్యం మనకు ఇంకెక్కడా కనబడలేదు.

ఇక 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' ముందుమాట సంగతి. 1956లో ఆయన రాసిన ముందుమాటలో తన ఆరోగ్యం ఎగుడుదిగుళ్ల గురించి, ఒక దశలో డాక్టర్లు తనను ఆరిపోతున్న దీపంగా చూశారని, దాన్ని మళ్లీ వెలిగించింది తన భార్య, డాక్టర్ మాల్వంకర్‌ల వైద్యమని కృతజ్ఞత చెప్పారు. 1957లో పుస్తకం అచ్చయితే ఆ ముందుమాట అందులో లేదు. చాలా ఏళ్లకు, 1980లో భగవాన్ దాస్ దాన్ని వెలుగులోకి తెచ్చారు. భార్య అంటే డాక్టర్ సవితా అంబేద్కర్, పుట్టుకతో సారస్వత బ్రాహ్మణ స్త్రీ. బొంబాయిలో మాల్వంకర్ దగ్గర పనిచేస్తున్నప్పుడు రోగిగా వచ్చిన అంబేద్కర్‌ని కలిసి, 1948 ఏప్రిల్ 15న పెళ్లి చేసుకున్నారు. ఆయన మరణం తర్వాత ఆమె మీద అనుమానాలు లేచాయి. సహజ మరణమేనని ప్రభుత్వం చెప్పినా, అవి చాలాకాలం ఆమె వెంట వచ్చాయి. 1990లో మరాఠీలో వచ్చిన ఆమె జ్ఞాపకాలు ఇంగ్లీషులోకి 2022లో గానీ రాలేదు.

ఆ అనుమానం ఎక్కడినుంచి వచ్చిందో మాకు అర్థం కాకపోలేదు. వేల ఏళ్లు వాళ్ల చేతుల్లో చచ్చినవాళ్లం, ఆ చేతి మందును నమ్మమంటే అంత సులువు కాదు. కానీ రోగి తానే రాసి సంతకం పెట్టిన మాటను పక్కనబెట్టి, రోగి పేరుతో మనం మాట్లాడడం ఏ న్యాయం? డాక్టరుకు, రోగికి మధ్య ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పే హక్కు మొదట రోగిది. ఆయన చెప్పాడు. మనం వినడానికి సిద్ధంగా లేం. కాఠియావాడ్ పంతులు ఉత్తరాన్ని గౌరవించే మనం ఈ ముందుమాటను కూడా అట్లాగే గౌరవించాలి. అది దళిత అనారోగ్య రచనే. విశేషమేమంటే, దీపం పోలిక అందులో ఆయనే వాడుకున్నారు.

రోగాన్ని మన కవులు వాడుతున్న తీరు మీద కూడా ఒక మాట. కులాన్ని క్యాన్సర్ అనడం, కుష్టు అనడం మన కవిత్వంలో అలవాటైపోయింది. సూజన్ సొంటాగ్ 1978లోనే 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్'లో ఈ వాడకం రోగుల మీదకే తిరగబడుతుందని వాదించింది. ఆమెది అమెరికా సంగతి, ఆమెకు కులం తెలియదు. మన దగ్గర ఇది ఇంకా ఘోరం. కుష్టు వచ్చిన మనిషిని ఊరవతల పెట్టినట్టే మనల్నీ పెట్టారు. ఒక వెలిని తిట్టడానికి ఇంకో వెలిని తిట్టుగా వాడుకోవడం ఏ సౌందర్యశాస్త్రం? కులం రోగం కాదు. రోగం ఎవరూ కావాలని పెంచి పోషించరు. కులాన్ని పోషిస్తున్నారు, దానివల్ల బతుకుతున్నారు.

దళిత ఆత్మకథల్లో రోగం లేదని మేము అనడం లేదు. వుంది, విమర్శకుల కంటికి ఆనలేదు. వై.బి. సత్యనారాయణ 'మై ఫాదర్ బాలయ్య' (2011) మొదలయ్యేదే ఒక తాత భార్య శవాన్ని ఒంటరిగా మోసుకుపోయే దృశ్యంతో. గత్తర కాలంలో మోయడానికి ఇంకెవరూ రారు. బేబీ కాంబ్లే 'జీణ ఆముచ' మరాఠీలో 1980ల మొదట్లో ధారావాహికగా, 1986లో పుస్తకంగా వచ్చింది. మహర్ వాడల్లో కాన్పు గురించి ఆమె రాసిన పేజీలు చదివినవాళ్లకు నిద్ర పట్టదు. ఏమీ తెలియని మంత్రసానులు మళ్లీ మళ్లీ లోపల చెయ్యి పెట్టి చూడడం, వాచిపోవడం, కన్నాక తినడానికి మెతుకు లేక కడుపుకు గుడ్డలు గట్టిగా చుట్టుకుని పడుకోవడం. ఇది మా అమ్మల కథ కూడా. అయితే ఆ పుస్తకం మీద వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం ఆమె అంబేద్కర్ చైతన్యం గురించి, కొంత భాగం ఆడవాళ్ల మీద హింస గురించి. ఆకలితో వున్న బాలింత శరీరం గురించి చాలా తక్కువ. పచ్చి బాలింతకు పథ్యం పెట్టడం మన సమాజంలో ఎంత పెద్ద శాస్త్రమో అందరికీ తెలుసు. కాయం, వెల్లుల్లి కారం, నెయ్యి, నలభై రోజులు మంచం. ఆ శాస్త్రమంతా ధాన్యం వున్న ఇళ్లది. కోలుకోవడం అనేది ఒంటి గుణం అనుకుంటారు. గాదె గుణం అది.

ఇక్కడే మన రాష్ట్రాల సంగతి చెప్పాలి. మన పల్లెల్లో ఆపరేషన్ అనే మాటకు వేరే అర్థం వుంది. ఆపరేషన్ అయిందా అంటే పిల్లల ఆపరేషన్ అయిందా అని. పెద్దాపరేషన్ అంటే కడుపుకోసి బిడ్డను తీయడం. మూడోది గర్భసంచి. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో అందరికంటే ముందు మనమే. తెల్లబట్ట అవుతుందని, నడుం నొప్పని పోతే క్యాన్సర్ అవుతుందని భయపెట్టి తీసేసిన సంగతులు చాలా ఊళ్లల్లో వింటాం. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు పేదవాళ్లకు పెద్ద ఆసుపత్రి గడప దొరికింది, అది నిజం. గుండె ఆపరేషన్ అయి బతికినవాళ్లు మా ఇళ్లల్లోనే వున్నారు. ఆ గడప దాటాక తెల్లకార్డు వున్న శరీరం బిల్లుగా మారే ప్రమాదం వచ్చింది, అదీ నిజమే. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు నరికే ఆడవాళ్లకు జరిగింది 2019లో దేశమంతా తెలిసింది. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరంగా చేసిన గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిస్తూ కేంద్రం మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలన్నది. ఈ ఆడవాళ్లలో ఎక్కువమంది దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాలవాళ్లన్నది ఆ కేసు నడిపినవాళ్ల వాదన.

ఇంత జరిగినా వీళ్లలో ఒక్కరి ఆపరేషన్ అనుభవమైనా మన పత్రికల్లో వచ్చిందా? అంకెలుగా వచ్చారు. వార్తగా వచ్చారు. నేను అని చెప్పే రచనగా రాలేదు. మాలో ఒకరి తల్లి తన ఆపరేషన్ గురించి చెప్పింది మొత్తం ఇంతే: "కడుపుల నొప్పని పోతె సంచి తీసెయ్యాలన్నరు. తీసేసిన్రు. పదేను దినాలకు నాట్లకు పోయిన." ఇంకేమన్నా చెప్పమ్మా అంటే, చెప్పెటందుకు ఏమున్నది బిడ్డా అన్నది. ఏ పేరు పొందిన సర్జరీ వ్యాసం కంటే కూడా ఈ మూడు వాక్యాల మీద మాకు ఎక్కువ సేపు చర్చ జరిగింది. అన్నరు, తీసేసిన్రు - ఈ క్రియలకు కర్త లేదు. ఎవరన్నరు, ఎవరు తీసిన్రు, అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆమె శరీరం మీద జరిగిన కథలో ఆమె ఎక్కడ? చివరి మాటలో వుంది. 'పోయిన' దగ్గర. నాట్లకు పోయేటప్పుడు గానీ ఆమె తన కథలో నేనుగా నిలబడలేదు. ఇంగ్లీషులోకి తర్జుమా చేస్తే ఈ సంగతి పోతుంది. అక్కడ ప్రతి వాక్యంలో ఒక నేనును పెట్టాల్సి వస్తుంది. తెలుగులోనే దొరికే సాక్ష్యం ఇది.

ఆమె దగ్గర ఇంకో రచన కూడా వుంది. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన డిశ్చార్జి కాగితం. రేషన్ కార్డు, ఆధార్ కార్డులతోపాటు ప్లాస్టిక్ కవర్లో దాచిపెట్టుకుంది. ఇంగ్లీషులో వుంది. కింద సలహాల దగ్గర బరువులు ఎత్తరాదు, విశ్రాంతి తీసుకోవాలి అని వుంది. కొడుకు చదివి చెప్పేదాకా అందులో ఏముందో ఆమెకు తెలియదు. తెలిసినా ఏం చేసేది? ఎత్తనిదే కూలి లేదు. కట్టెల మోపు, నారు కట్ట, నీళ్ల బిందె - వీటిలో దేన్ని డాక్టరు బరువు అన్నాడో కాగితంలో లేదు. ఆ సలహా రాసిన చెయ్యి ఎవరి ఒంటిని మనసులో పెట్టుకుని రాసింది? ఇంట్లో పనిమనిషి వున్న ఆడమనిషి ఒంటిని. పునర్జన్మ వ్యాసాల్లో రచయిత ఆరు వారాలు వాలుకుర్చీలో కూచుని పుస్తకాలు చదువుతాడు గదా, ఆ వాలుకుర్చీ ఈ సలహాలో వుంది.

అందువల్ల దళిత అనారోగ్య రచన అంటే డాక్టరు గారి వార్డులో మొదలై ఇంటికి తిరిగిరావడంతో ముగిసేది కాదని మేము అనుకుంటున్నాం. అది ముందే మొదలవుతుంది, పంతులు ఊరి పెద్ద గుమ్మం ముందు నిలబడ్డప్పుడు. ఇంటికి వచ్చాక కూడా అయిపోదు, పదిహేనో రోజు పొలం గట్టు మీద కుట్లు సలుపుతూ వుంటాయి. మధ్యలో ఆసుపత్రి వుంది. అక్కడ కూడా మనవాళ్లు రోగులుగానే కాదు, ఆయాలుగా, నర్సమ్మలుగా, మార్చురీ మనుషులుగా వున్నారు. మంచానికి రెండు వైపులా మనమే వున్న చోటు అది. ఆ రెండోవైపు నుంచి రాసిన పుస్తకం తెలుగులో మా చేతికింకా రాలేదు. ముప్పయ్యేళ్లు ఒక ధర్మాసుపత్రిలో పనిచేసి దిగిపోయిన ఆయమ్మ ఎంతమంది సర్జన్ల చేతులు చూసి వుంటుంది!

ఆ మూడు వాక్యాలను ఏమని పిలవాలన్న దగ్గర మాలో మాకే పడలేదు. ఆత్మకథ అందామని కొందరన్నారు. మూడు వాక్యాలకు అంత పేరెందుకు, వాంగ్మూలం అందామని ఇంకొందరన్నారు. వాంగ్మూలం అంటే మళ్లీ కోర్టు, పోలీసు గుర్తొస్తాయి, ఆమె ఎవరి మీదా కేసు పెట్టడానికి చెప్పలేదు గదా అని మూడోవాళ్లు. కొడుకుని అడిగితే, మా అమ్మనే అడుగుదాం అన్నాడు. ఆమె అప్పుడు పత్తి ఏరడానికి పోయింది. పొద్దుగూకినాక గానీ రాదన్నారు.